కంటి క్యాంపు పెడుతున్నారా? బ్యానర్ కంటే ముందు బస్సు సంగతి చూడండి

అక్టోబరు దగ్గర పడుతోంది. రెండో గురువారం ప్రపంచ దృష్టి దినం, 15న చూపు లేనివాళ్ల తెల్లకర్ర దినం. అందుకే కాబోలు ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కళ్ల గురించే. అన్నిటికీ చోటు లేదు, ఎక్కువమందికి పనికొచ్చేవి ఏరి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లాలో ఒక పల్లె. వినాయక చవితి చందా కొంత మిగిలింది. దాంతో మా యువజన సంఘం తరఫున ఉచిత కంటి శిబిరం పెడదామని అనుకుంటున్నాం. ప్రపంచ దృష్టి దినం నాడే పెట్టాలని కొందరి పట్టు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఖర్చు ఎంతవుతుంది?

జవాబు: చాలా మంచి ఆలోచన, తమ్ముళ్లూ. తేదీ దగ్గరే మొదలుపెడదాం. అక్టోబరు రెండో గురువారం అంటే మీ జిల్లాలో పత్తి ఏరే రోజులు. చూపు మందగించిన ముసలమ్మను క్యాంపుకు తీసుకురావాల్సిన కొడుకూ కోడలూ ఆ రోజు చేలో ఉంటారు, కూలి పోగొట్టుకుని రారు, రమ్మనడం న్యాయం కూడా కాదు. క్యాలెండర్లో ఏ దినం ఉందన్నది పక్కన పెట్టి మీ ఊళ్లో పనులు ఎప్పుడు తగ్గుతాయో చూసుకుని పెట్టండి. ఆ గురువారం కావాలంటే బడి పిల్లలకు ఎవరైనా డాక్టరు చేత నాలుగు మాటలు చెప్పించండి, చాలు.

ఇక ఆసుపత్రి సంగతి. చాలా ఊళ్లలో టెంటు, కుర్చీలు, ఫ్లెక్సీ అన్నీ మాట్లాడుకున్నాక చివర్లో ఆసుపత్రికి ఫోన్ చేస్తారు. అలా చేయకండి. శుక్లాలు బయటపడిన వాళ్లకు ఆపరేషన్ ఎవరు చేస్తారు, ఎప్పుడు చేస్తారు, తీసుకెళ్లే బస్సు ఎవరిది, తర్వాత చెకప్‌కి వాళ్లు ఊరికి వస్తారా మనం వెళ్లాలా, ఈ నాలుగూ తేలేదాకా తేదీ చాటింపు వేయించకండి. ఒకప్పుడు బడి గదుల్లో, గుడారాల్లో ఆపరేషన్లు కూడా చేసేసేవారు. ఇన్ఫెక్షన్లు వచ్చి కళ్లు పోయే ప్రమాదం ఉంది కాబట్టి ఇప్పుడు ఊళ్లో పరీక్ష మాత్రమే, ఆపరేషన్ ఆసుపత్రి థియేటర్లోనే. ఎవరైనా మీ ఊరి కమ్యూనిటీ హాల్లోనే చేసేస్తామంటే ఒప్పుకోవద్దు.

జిల్లాలో అంధత్వ నివారణ కార్యక్రమం చూసే అధికారి ఒకరు ఉంటారు, డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులో అడిగితే చెబుతారు. ఆయనకు ముందే తెలియజేయండి. 1976 నుంచి నడుస్తున్న జాతీయ కార్యక్రమం ఇది. దీని కింద ఉచితంగా చేసే శుక్లాల ఆపరేషన్లకు ఆసుపత్రులకు ప్రభుత్వమే డబ్బు ఇస్తుంది, కాబట్టి ఆ ఖర్చు మీ చందాలోంచి పెట్టాల్సిన అవసరం రాదు. పక్కనే నిర్మల్ జిల్లా ముథోల్‌లో ఎల్.వి. ప్రసాద్ సంస్థ వాళ్ల కంటి ఆసుపత్రి 1996 నుంచి ఉంది, వాళ్లనూ అడిగి చూడండి.

చోటు గురించి ఒక్క మాట. చూపు చదివించే అక్షరాల చార్టుకు, మనిషి కూర్చునే కుర్చీకి మధ్య ఇరవై అడుగుల దూరం కావాలి, కాబట్టి పొడుగాటి గదో వరండానో చూడండి. కంటిని టార్చితో, యంత్రంతో చూడడానికి కిటికీలు మూసి చీకటి చేసుకోగలిగే గది ఇంకోటి కావాలి. ఇవి రెండూ బడిలో దొరుకుతాయి, అందుకే ఆదివారం మేలు. మెట్లెక్కి వెళ్లే పై అంతస్తు వద్దు. బీపీ, షుగర్ చూడడానికి ఏఎన్ఎం గారిని అడగండి, ఎందుకంటే ఆపరేషన్‌కి తీసుకెళ్లిన రోజు బీపీ ఎక్కువుందని వెనక్కి పంపితే ఆ ముసలాయన మళ్లీ బస్సెక్కడు.

మీరు అసలు శ్రద్ధ పెట్టాల్సింది రిజిస్టరు మీద. పేరు, వయసు, ఏ వాడ, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు, ఏ కన్ను, డాక్టరు ఏం చెప్పారు, ఎప్పుడు రమ్మన్నారు. క్యాంపు మర్నాటి నుంచి ఆశా కార్యకర్తతో పాటు మీ కుర్రాళ్లు ఇద్దరు ఆ రిజిస్టరు పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. పేరు రాయించుకుని ఆపరేషన్‌కి రానివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. భయం ఒక కారణం. తోడు వచ్చేవాళ్లు లేకపోవడం అంతకంటే పెద్ద కారణం, ముఖ్యంగా ఒంటరి ఆడవాళ్లకు. ఇంట్లో మగాయన ఆపరేషన్‌కి భార్య తోడు వెళ్తుంది, ఆమె ఆపరేషన్‌కి వచ్చేసరికి "పంట అమ్మాక చూద్దాం" అంటారు. మీ చందా డబ్బు అక్కడ పెట్టండి, తోడు వెళ్లే మనిషి భోజనానికి, ఒక రోజు కూలికి, రానూపోనూ బండికి. ఇంత అని అంకె చెప్పలేను, బండి దూరాన్ని బట్టి ఉంటుంది. కానీ ఫ్లెక్సీలు తగ్గిస్తే ఒక బస్సు బాడుగలో కొంత వస్తుంది, ఆ లెక్క మీరే వేసుకోగలరు.

సన్మానాలు కూడా ఉంటాయి కదా, పెట్టుకోండి, కాకపోతే పరీక్షలు ఆపకండి. షుగర్ మాత్ర వేసుకుని పొద్దున్నే వచ్చి కూర్చున్న పెద్దవాళ్లు ప్రసంగాలు అయ్యేదాకా ఆగలేరు.

దగ్గరి చూపు అద్దాలు పంచుతామంటే, చత్వారం (వయసుతో దగ్గరి చూపు తగ్గడం) వరకు రెడీమేడ్ అద్దాలు పనికొస్తాయి, అదీ పరీక్ష చేసి పవరు రాసిచ్చాకే. రెండు కళ్లకూ తేడా ఉన్నవాళ్లకు, దూరపు చూపు తగ్గినవాళ్లకు అవి సరిపోవు. తెలంగాణలో ప్రభుత్వం ఉచితంగా కళ్లు చూసి అద్దాలిచ్చిన కంటి వెలుగు 2018 ఆగస్టు 15న, దాని రెండో విడత 2023 జనవరి 18న మొదలయ్యాయి. అప్పుడు తీసుకున్న అద్దాలే ఇంకా పెట్టుకుంటున్నవాళ్లు ఉంటే వాటినీ తెమ్మని చాటింపులో చెప్పించండి, పవరు మారి ఉంటుంది.

ప్రశ్న: మా అత్తయ్యకు 68 ఏళ్లు. క్యాంపులో రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయని చెప్పారు. "ఇంకా ముదరలేదు, ముదిరాక చేయించుకుంటా" అంటున్నారు. మా బంధువుల్లో ఒకాయనకు ఆపరేషన్ తర్వాత చూపు పోయింది, ఆ భయం కూడా ఉంది. పక్కింటావిడేమో ఏదో ఆకు పసరు పిండుకోమంటోంది. ఎలా నచ్చజెప్పాలి? (ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా)

జవాబు: పసరు మాత్రం పిండనివ్వకండమ్మా. ముందు ఆ ఒక్క పనీ ఆపించండి. ఆకు పసరు, చనుబాలు, ఎవరో ఇచ్చిన పాత చుక్కల మందు, ఇవి పోసుకుని నల్లగుడ్డు మీద పుండు పడితే, అది మానినా తెల్ల మచ్చ మిగిలిపోతుంది. మన ఊళ్లలో "కంట్లో పువ్వేసింది" అంటారే, అదే. శుక్లం ఆపరేషన్‌తో పోతుంది గానీ పువ్వు అలా పోదు.

ముదరడం అనేది పాత రోజుల మాట. అప్పటి పద్ధతిలో శుక్లం గట్టిపడ్డాక తీయడం వీలుగా ఉండేది కాబట్టి డాక్టర్లే అలా చెప్పేవారు, ఆ మాట మన పెద్దవాళ్ల నోట్లో నిలిచిపోయింది. ఇప్పుడు రోజువారీ పనికి చూపు అడ్డొస్తోందంటే చేయించుకోవచ్చు. బాగా ముదరబెడితే ఆపరేషన్ కష్టమవుతుంది, ఒక్కోసారి లోపల ఒత్తిడి పెరిగి కన్ను ఎర్రబడి భరించలేని నొప్పి వస్తుంది, అప్పటికి ఆలస్యమైపోతుంది కూడా. మన దేశంలో 2015-19లో చేసిన జాతీయ సర్వేలో 50 దాటినవాళ్ల అంధత్వానికి మూడింట రెండు వంతుల దాకా కారణం శుక్లాలేనని తేలింది. తీయించుకుంటే చూపు వచ్చేదానికి ఇంతమంది చీకట్లో ఉండిపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

మీ బంధువుకు జరిగింది తేలిగ్గా కొట్టిపారేయకండి, అలా చేస్తే అత్తయ్యగారు మీ మిగతా మాటలూ నమ్మరు. ఆపరేషన్ తర్వాత ఇన్ఫెక్షన్ అరుదు, అయినా వస్తుంది. ఒక్కోసారి శుక్లంతో పాటు వెనక నరమో రెటీనానో (కంటి లోపల వెనక ఉండే పొర) ముందే దెబ్బతిని ఉంటే శుక్లం తీసినా చూపు రాదు, నింద మాత్రం ఆపరేషన్ మీద పడుతుంది. అందుకే "శుక్లం కాకుండా వెనక ఏమైనా ఉందా, ఎంత చూపు రావచ్చు" అని డాక్టర్ని ముందే అడగండి. ఆపరేషన్ అయ్యాక నొప్పి పెరుగుతున్నా, ఎరుపు ఎక్కువవుతున్నా, ముందురోజు కనిపించింది ఇవాళ మసకబారినా, చెకప్ తేదీ దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, రాత్రయినా సరే. కన్ను దక్కేది ఆ తొందరలోనే.

ఆపరేషన్ మామూలుగా అరగంట లోపే అయిపోతుంది. చాలామందికి పూర్తి మత్తు ఇవ్వరు, కంటికి మాత్రమే ఇస్తారు, లోపల లెన్సు పెడతారు. ఒక కన్ను చేశాక కొన్నాళ్లు ఆగి రెండోది. ఇంటికొచ్చాక చుక్కల మందు వేసే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సీసా మూతి కంటికి తగలకూడదు, తలస్నానం డాక్టరు చెప్పినన్నాళ్లు మానాలి, కట్టెల పొయ్యి దగ్గర కూర్చోకూడదు. పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ వద్దని పథ్యం పెట్టేస్తారు మనవాళ్లు. షుగర్ పథ్యం తప్ప ఏమీ అక్కర్లేదు, పప్పన్నం పెట్టండి.

నచ్చజెప్పడానికి ఒక దారి ఉంది. మీ ఊళ్లోనే ఆపరేషన్ చేయించుకుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటున్న పెద్దావిడ ఎవరో ఒకరు ఉంటారు. ఆవిణ్ని ఒక మధ్యాహ్నం మీ ఇంటికి పిలవండి, వాళ్లిద్దర్నీ మాట్లాడుకోనివ్వండి. మీరు పక్కన కూర్చోవద్దు.

ప్రశ్న: మా బాబు ఏడో నెలలో పుట్టాడు, కిలోన్నర లోపు ఉన్నాడు, నవజాత శిశువుల వార్డులో ఉంచి ఇప్పుడు ఇంటికి పంపారు. వచ్చే నెల మా మండలంలో కంటి క్యాంపు ఉంది. అక్కడ బాబు కళ్లు చూపించవచ్చా? (ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: క్యాంపు దాకా ఆగొద్దమ్మా. ఈ పత్రిక మీ చేతికొచ్చిన రోజే డిశ్చార్జి కాగితం తీసుకుని డెలివరీ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి, "రెటీనా పరీక్ష ఎక్కడ చేస్తారు" అని అడగండి. 34 వారాల లోపు గానీ, రెండు కిలోల లోపు గానీ పుట్టిన పిల్లలందరికీ పుట్టిన 30 రోజుల లోపు రెటీనా చూపించి తీరాలి, ఇంకా బాగా ముందు పుట్టినవాళ్లకు అంతకంటే ముందే. నెల దాటిపోయి ఉంటే మానేయమని కాదు, ఇంకా తొందరగా వెళ్లమని. పైకి కళ్లు చక్కగానే కనిపిస్తాయి, లోపల రక్తనాళాలు సరిగా పెరగక రెటీనా ఊడిపోయే ప్రమాదం ఉంటుంది. సమయానికి చూస్తే లేజరుతోనో ఇంజక్షన్‌తోనో ఆపగలరు. ఒకసారి చూసి మళ్లీ రమ్మంటే ఆ తేదీ కూడా తప్పించకండి. క్యాంపులో ఈ పరీక్ష జరగదు, దీనికి నేర్పున్న డాక్టరు, వేరే పరికరం కావాలి.

ప్రశ్న: నేను పుట్టుకతో చూపు లేని డిగ్రీ విద్యార్థిని. ప్రతి అక్టోబరు 15న మమ్మల్ని పిలిచి వేదిక మీద కూర్చోబెడతారు, పండ్లు, దుప్పటి ఇస్తారు, ఫొటో తీసుకుంటారు, అంతే. పిలిచినవాళ్లను నొప్పించడం ఇష్టం లేదు, కానీ మాకు కావాల్సింది ఇది కాదు. వాళ్లకు ఏం చెప్పమంటారు? (వరంగల్)

జవాబు: నువ్వు ఇప్పుడు నాకు రాసినంత మర్యాదగానే వాళ్లకూ చెప్పమ్మా, నొచ్చుకోరు. నొచ్చుకున్నా చెప్పాల్సిందే. మీరు లేకుండా మీ కోసం కార్యక్రమం రాసుకుంటే అది పండ్ల దగ్గరే ఆగిపోతుంది. ప్లాన్ చేసుకునే రోజే పిలవమను, కార్యక్రమం రోజు కాదు.

ఏం చేయవచ్చో నాకు తోచినవి చెబుతాను, నువ్వు దిద్దు. మొట్టమొదట స్క్రైబులు. పరీక్ష ముందు రోజు రాత్రి దాకా రాసిపెట్టే మనిషి దొరక్క ఎంత టెన్షన్ పడతారో నీకు నేను చెప్పక్కర్లేదు. అదే వేదిక మీద, అదే జనంలోంచి, ఇంటర్, డిగ్రీ పిల్లల పేర్లు, నంబర్లు, ఏ సబ్జెక్టులు తెలుసో రాసి ఒక జాబితా తయారు చేసి మీ సంఘం చేతికిస్తే ఏడాదంతా పనికొస్తుంది. స్క్రైబు అర్హత ఎంత ఉండాలో ఒక్కో పరీక్షకు ఒక్కో నిబంధన, అదీ అక్కడే చదివి వినిపించాలి. గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉంది, అది తెలియని ఇన్విజిలేటర్లు ఉంటారు, ఆ రోజు ఒక కాలేజీ ప్రిన్సిపాల్‌ను పిలిచి ఆయన ముందే ఈ మాట చెప్పించండి.

రెండోది కాగితాల పని. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ లేనివాళ్లకు దరఖాస్తు అక్కడే పెట్టించవచ్చు, రెండు ల్యాప్‌టాప్‌లు, ఓపికున్న ఇద్దరు మనుషులు చాలు. దివ్యాంగుల హక్కుల 2016 చట్టం కింద ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, అందులో చూపు లేనివాళ్లకూ, చూపు తక్కువ ఉన్నవాళ్లకూ కలిపి 1 శాతం రిజర్వేషన్ ఉంది, ఆ కాగితాలు లేకపోతే అది అందదు. మూడోది ఫోన్. తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఎలా వాడాలో కొత్తగా చూపు పోయిన పెద్దవాళ్లకు నీలాంటివాళ్లే నేర్పాలి, చూపున్నవాళ్లు నేర్పితే తెర చూసి చెబుతారు. నోటు ఎంతదో చెప్పడానికి రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో తెచ్చిన 'మణి' యాప్ ఉంది, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. కూరగాయల దుకాణం పెట్టుకున్న ఒకాయనకు అది నేర్పితే ఆయనకు ఆ రోజు నిజంగా పండగే.

మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్ సంగతి అందరికీ తెలుసు, అమెరికాలో ఎంఐటీలో చదివి వచ్చి కంపెనీ పెట్టారు. ఆయన్ని పొగిడే సభల్లో ఒక విషయం తక్కువ చెబుతారు. పదో తరగతిలో మంచి మార్కులొచ్చినా సైన్స్ గ్రూపు ఇవ్వమంటే కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. మీ ఊరి కాలేజీలో ఇవాళ ఒక అంధ విద్యార్థి సైన్స్ అడిగితే ఏమంటారు? ఆ ప్రశ్న ఆ వేదిక మీద నువ్వే అడుగు.

ఇంకోటి, చూపున్న పాఠకులకు. చూపు లేనివాళ్లకు దారి చూపాలంటే ముందు అడగండి, తర్వాత మీ మోచేయి అందించండి, వాళ్లు పట్టుకుని అర అడుగు వెనక నడుస్తారు. చెయ్యి పట్టి లాగడం, కర్ర పట్టుకుని నడిపించడం చేయకండి. మెట్లు వస్తే ఎక్కాలో దిగాలో చెప్పండి. వెళ్లిపోయేటప్పుడు వెళ్తున్నానని చెప్పి వెళ్లండి, లేకపోతే ఖాళీ గాలితో మాట్లాడుతూ నిలబడిపోతారు.

ప్రశ్న: మా కాలేజీ వార్షికోత్సవంలో అంధుల క్రికెట్ మ్యాచ్ పెట్టాలని విద్యార్థులు అడుగుతున్నారు. కళ్లకు గంతలు కట్టుకుని మా పిల్లలే ఆడితే సరిపోతుందా? (ఒక లెక్చరర్, అనంతపురం)

జవాబు: గంతల ఆట వద్దండి. పడి లేస్తుంటే జనం నవ్వుతారు, చూపు లేకపోవడమంటే తడబడడమేనన్న అభిప్రాయంతో ఇంటికి పోతారు. నిజంగా ఆడేవాళ్లను పిలవండి, ఆ ఆటలో ఎంత నేర్పుందో అప్పుడు తెలుస్తుంది.

బంతి గట్టి ప్లాస్టిక్‌ది, లోపల బేరింగ్ గుళ్లుంటాయి, దొర్లుతుంటే గలగలమంటుంది. బౌలర్ "రెడీ" అని అడిగి, బ్యాటర్ అవునన్నాక "ప్లే" అంటూ చేతిని కింది నుంచి తెచ్చి బంతి వేస్తాడు, పిచ్ సగానికి ముందే బంతి నేలను తాకాలి. పదకొండు మందిలో కనీసం నలుగురు అసలు చూపు లేనివాళ్లు ఉండాలి, మిగతావాళ్లకు కొద్దో గొప్పో చూపు ఉంటుంది. అసలు చూపు లేని బ్యాటర్ చేసిన పరుగులు రెట్టింపు లెక్క, అలాంటి ఫీల్డర్ ఒక్క టప్ప పడ్డాక పట్టినా క్యాచే. మీ విద్యార్థులకు ముందే చెప్పాల్సింది ఒకటుంది. బంతి వదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా మైదానం మొత్తం నిశ్శబ్దంగా ఉండాలి. ఈలలు, డప్పులు, మైకులో కామెంటరీ ఓవర్ల మధ్యలోనే. జట్టు కెప్టెన్‌గా దేశానికి ప్రపంచకప్‌లు తెచ్చిన అజయ్ కుమార్ రెడ్డి మన ఆంధ్ర మనిషే, అర్జున అవార్డు కూడా అందుకున్నారు. 2025 నవంబరులో కొలంబోలో ఫైనల్ జరిగిన మొట్టమొదటి అంధ మహిళల టీ20 ప్రపంచకప్‌నూ మన అమ్మాయిలే గెలిచారు. ఆటగాళ్లకు రానూపోనూ ఛార్జీలు, మ్యాచ్ ఫీజు ఇవ్వండి, మామూలు జట్టును పిలిస్తే ఇస్తారు కదా.

ప్రశ్న: మా నాన్న నేత్రదాన పక్షోత్సవాల్లో కార్డు మీద సంతకం పెట్టారు. ఆయన పోయిన రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో ఎవరికీ తోచలేదు. షుగర్ ఉంది, శుక్లాల ఆపరేషన్ అయింది, అసలు పనికొచ్చేవా? (విజయవాడ)

జవాబు: పనికొచ్చేవండీ. కళ్లజోడు, షుగర్, బీపీ, శుక్లాల ఆపరేషన్ ఇవేవీ అడ్డు కావు. హెచ్ఐవీ, హెపటైటిస్, రేబిస్ లాంటివి ఉంటేనే తీసుకోరు. కానీ మిమ్మల్ని మీరు నిందించుకోకండి, ఆ రాత్రి ఎవరికైనా తోచదు. కార్డు ఇచ్చేవాళ్లు ఇంటివాళ్లతో మాట్లాడకుండా కార్డు మాత్రం చేతిలో పెట్టి వెళ్లిపోతే ఇలాగే అవుతుంది. నిజానికి కార్డు లేకపోయినా కుటుంబం ఒప్పుకుంటే చాలు, కార్డున్నా కుటుంబం పిలవకపోతే ఎవరూ రారు.

ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 దాకా పక్షోత్సవాలు జరిపే సంఘాలవాళ్లు చదువుతుంటే, సంతకాల లెక్క కంటే దగ్గరి ఐ బ్యాంకు నంబరు ఎన్ని ఇళ్ల గోడ మీద ఉందో చూడండి. ఆరు గంటల లోపు తీయాలి. ఈలోగా కళ్లు మూసి, రెప్పల మీద తడి దూది పెట్టి, ఫ్యాను ఆపేసి, తల కింద ఒక దిండు ఎత్తుగా పెట్టాలి. వాళ్లు ఇంటికే వస్తారు, పని అరగంట లోపే అయిపోతుంది, ముఖం ఏమీ మారదు, అంత్యక్రియలు ఆలస్యం కావు.

ఇంకో మాట కూడా అవసరం. దానం చేసిన కంటిలో అమర్చేది కార్నియా, అంటే ముందున్న పారదర్శకమైన పొర. అది దెబ్బతిన్నవాళ్లకే చూపు వస్తుంది. నరమో రెటీనానో పోయినవాళ్లకు రాదు. సభల్లో చూపు లేని పిల్లలందర్నీ నిలబెట్టి "మీకు కళ్లొస్తాయి" అనకండి, వాళ్లలో చాలామందికి అది నిజం కాదు, ఆ ఆశతో చదువు మానేసి ఎదురుచూసేవాళ్లు ఉన్నారు.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటాం. డిసెంబరులో వచ్చినప్పుడు మా అమ్మ పేరు మీద మా ఊళ్లో (పశ్చిమ గోదావరి) పెద్ద క్యాంపు పెట్టించాలని ఉంది. మేమున్న పది రోజుల్లో అయిపోవాలి.

జవాబు: పరీక్షలు పది రోజుల్లో అవుతాయి, తర్వాతి పని అవదండి. చెకప్‌లు, రెండో కన్ను, అద్దాలు మీరు విమానం ఎక్కాకే వస్తాయి. పైగా షుగర్ వాళ్లకు ఏడాదికోసారి రెటీనా చూడాలి. నీటికాసులు (గ్లాకోమా) అయితే నొప్పి లేకుండా పక్క చూపు తినేస్తూ పోతుంది, పోయిన చూపు తిరిగి రాదు, చుక్కలు జీవితాంతం వేసుకోవాలి. వీటికి ఏడాదికోసారి వచ్చే టెంటు సరిపోదు.

1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ పల్లెల్లో విజన్ సెంటర్లు పెట్టింది. అక్కడి యువతీ యువకులకే ఏడాది శిక్షణ ఇచ్చి కూర్చోబెడతారు, అద్దాలు అక్కడే, పెద్ద సమస్యలుంటే పై ఆసుపత్రికి పంపుతారు. మీ ఊరికి అందే దూరంలో ఏ ఆసుపత్రి వాళ్ల సెంటరు ఉందో కనుక్కోండి. ఉంటే అమ్మగారి పేరు మీద దాని అద్దాల ఖర్చో, ఆపరేషన్‌కి తీసుకెళ్లే వ్యాను ఖర్చో రెండు మూడేళ్లకు ఒప్పుకోండి. లేకపోతే డిసెంబరు క్యాంపు పెట్టండి, కానీ అదే ఆసుపత్రితో మార్చిలో ఒకటి, మళ్లీ వచ్చే డిసెంబరులో ఒకటి ముందే రాయించుకోండి, ఊళ్లో ఉండే మనిషి ఒకరికి రిజిస్టరు బాధ్యత అప్పగించి జీతం ఇవ్వండి. ఆ మనిషి ఆశా కార్యకర్తతో కలిసి పనిచేసేలా చూసుకోండి, ఎవరి కన్ను ఎలా ఉందో ఆవిడకు తెలుస్తుంది.